అద్దం చూసి కట్టిన చక్కెర వేషం

ఘంటాద్వీపంలో ఒక్క ఘంటికుడు కూడా ప్రాణాలతో లేడు.

ఎర్రని పళ్ళెంలాంటి తెప్ప మీంచి ఒడ్డుకు దూకిన పోలన నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. వెనకే దూకిన దళవాయి ఉద్దండుడు కత్తి దూసి, ఎవరిమీద ఝళిపించాలో తెలియక మళ్ళీ దించాడు. ద్వీపమంతా బూడిద. బూడిదలో పగిలిన గంటలు. గంటల పక్కనే, తాళ్ళు చేతుల్లోంచి వదలకుండా ఒరిగిపోయిన ఘంటికుల శవాలు.

"ఆ మాంత్రికుడు మనకంటే ముందే వచ్చి పోయాడ్రా వేషగాడా!" అన్నాడు ఉద్దండుడు పళ్ళు కొరుకుతూ.

పోలన వంగి ఒక బాణం పైకి తీశాడు. "వాడు రాలేదు దళవాయి గారూ. వాడికి రావలసిన పనే లేదు. ఇది చూడండి. చిన్నదొరసాని ఒంట్లో కాపలా తిరిగే తెల్లసైన్యానిది. వాడు దూరంగా కూర్చుని వాళ్ళ కళ్ళు కప్పాడు. సొంతవాళ్ళే సొంతవాళ్ళను చంపుకున్నారు."

ఉద్దండుడు కత్తిని ఒరలోకి తోశాడు.

మణిశిల రాజ్యానికి ఒక్కగానొక్క వారసురాలు హేమలేఖ. తొమ్మిదేళ్ళ పిల్ల. పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టిన నాటినుంచి, కడుపునిండా తింటూనే కట్టెపుల్లలా ఎండిపోవడం మొదలుపెట్టింది. అది మాంత్రికుడు జటాకరాళుడి ప్రయోగం. రాజవైద్యులు తేనె పోశారు. పోసినకొద్దీ ఎండింది. చివరికి యోగిని శీతాంబ వచ్చి నాడి పట్టి చూసి, "ఆకలి ఆమెకు కాదు, ఆమె లోపలి కణనగరాలకు. తిండి వీధుల్లో పొర్లుతోంది, తలుపులు తెరుచుకోవడం లేదు. తలుపులు తెరిపించే గంటలు ఒక ద్వీపంలో ఉన్నాయి. వెళ్ళి మోగించండి" అంది. ఆమె ఇచ్చిన సూక్ష్మగుళిక మింగి, కంటికి ఆననంత చిన్నవాళ్ళై, పాప వేలి మీది గాయంలోంచి రక్తనదిలోకి దూకినవాళ్ళు ఇద్దరు. ఒకడు రాజ్యంలోకెల్లా గొప్ప ఖడ్గవీరుడు, సేనాపతి ఉద్దండుడు. రెండోవాడు వీధివీధీ తిరిగి పగటివేషాలు కట్టి పొట్టపోసుకునే పోలన.

ఇప్పుడు మోగించడానికి గంటే లేదు.

బూడిదలో ఏదో కదిలింది. ఒక ముసలి ఘంటికురాలు. గుండెలో బాణం దిగి ఉంది. పోలన ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక్క గంటైనా అతికించలేమా అవ్వా?"

"గంటా మేమూ వేరు కాదు నాయనా. మేం పోతే అదీ పోయినట్టే." ఆమె గొంతు గురగురలాడింది. "కండపురానికి పో. అక్కడ చక్కెరను లోపలికి రానిచ్చే తలుపులు గోడకుండవు. ఊరి లోపల బుడగల్లో మడిచి దాచి ఉంటాయి. మా గంట వింటేనే తేలివచ్చి గోడకు అతుక్కుంటాయి. కానీ... లోపల కండతాళ్ళు ఒక్కసారి గట్టిగా లాగినా అవి కదులుతాయి. గంట అక్కర్లేదు."

"లోపలికెలా వెళ్ళాలి?"

"పాత తలుపు ఒకటుంది... తడుములవ్వ..."

ఆమె చెయ్యి జారిపోయింది.

దూరాన హృదయభేరి మోగుతోంది. నిన్నటికంటే వేగంగా, నిన్నటికంటే నీరసంగా. ఆ మోత ఆగిందంటే రాజ్యమూ లేదు, రాకుమారీ లేదు, బయటికి వెళ్ళే దారీ లేదు.

*

రక్తనది పాకంలా చిక్కబడింది. తెప్ప కదలడమే గగనమైంది. నదినిండా చక్కెర జనమే. ఆరు మూలల స్ఫటికదేహాలు, మూలమూలకూ ఒక చెయ్యి, కొన్ని చేతులు పైకి, కొన్ని కిందికి. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, తోసుకుంటూ, మూలుగుతూ కొట్టుకుపోతున్నారు.

"ఏ ఊరికి పోతున్నారు?" అని అడిగాడు పోలన.

"రానిచ్చే ఊరేదీ? ప్రతి కోటా మూసే ఉంది. చివరికి అందరం వృక్కజలపాతంలో పడి బయటికి పోవడమే" అన్నాడొక చక్కెరవాడు ఏడుస్తూ.

మలుపు తిరగగానే కండపురం కనబడింది.

అది రాతికోట కాదు. నూనెకోట. లక్షలాది నూనెభటులు రెండు వరుసలుగా నిలబడితే తయారైన గోడ అది. ఒక వరుస తలలు బయటి నీళ్ళవైపు, రెండో వరుస తలలు లోపలి నీళ్ళవైపు. ప్రతి భటుడికీ జంటతోకలు. ఆ తోకలకు నీళ్ళంటే చచ్చేంత అసహ్యం. అందుకని రెండు వరుసలూ తోకలను మధ్యకు దాచుకుని, నీరు చొరకుండా ఒత్తుకుని నిలబడ్డారు. నిలబడ్డారన్న మాటేగాని ఒక్కక్షణం నిలకడ లేదు. పక్కవాడితో చోటు మార్చుకుంటూ, జారుతూ, దొర్లుతూ ఉంటారు. గోడంతా ముత్యాల సముద్రంలా మిలమిలలాడుతూ అలలెత్తుతోంది. ఆ అలల్లో అక్కడక్కడ ఏతాలు లేచి దిగుతున్నాయి. ప్రతి ఏతమూ సముద్రపు ఉప్పును మూడేసి బయటికి చిమ్మి, కట్టెల బూడిదలో దొరికే ఉప్పును రెండేసి లోపలికి దించుకుంటోంది. ఏతం లేచిన ప్రతిసారీ ఒక నిప్పుకణిక ఖర్చవుతోంది. ఇప్పుడు ఒక్కో ఏతం లేవడానికి చాలాసేపు పడుతోంది.

గోడ అక్కడక్కడ ముడతలు పడి ఉంది. బయట పాకం చిక్కబడేసరికి, లోపలి నీటిబొట్లు నీటితూముల్లోంచి ఒకదాని వెనక ఒకటి వరుసకట్టి బయటికి వచ్చేస్తున్నాయి. ఊరు లోపలినుంచి ఎండిపోతోంది.

తిండి గోడకు ఇవతల. ఆకలి గోడకు అవతల.

ఆ సమయంలో, పాప పీల్చిన ఊపిరిలోంచి వచ్చి అదే తెప్ప ఎక్కిన గాలిజాతి వాళ్ళు కొందరు గోడ దగ్గర దిగి, ఎవరినీ అడక్కుండా, నూనెభటుల మధ్యనుంచి పొగలా దూరి లోపలికి పోయారు. ఉద్దండుడి కళ్ళు మెరిశాయి.

"చూశావా! ఇదేం గోడరా, జల్లెడ! తప్పుకో."

"ఆగండి! వాళ్ళకు బరువూ లేదు, నీళ్ళతో చుట్టరికమూ లేదు. మనం అలా..."

"ఈ చేతుల్తో పదకొండు కోటలు కూల్చానురా. వేషాలు కట్టేవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

ఖడ్గం గాలిలో మెరిసి గోడను నిలువునా చీల్చింది. చీలిక తెరుచుకుంది. ఉద్దండుడు నవ్వుతూ భుజందాకా దూర్చాడు. మరుక్షణం చుట్టూ ఉన్న నూనెభటులు జారివచ్చి ఖాళీని పూడ్చేశారు. గాయం పడిన గుర్తు కూడా లేదు. ఖడ్గం గోడలోనే ఉండిపోయింది. భుజాన్ని మాత్రం ఉమ్మేసినట్టు వెనక్కు నెట్టేశారు. ఆ తోపుకు దళవాయి వెల్లకిలా పక్కనున్న నీటితూము ముందు పడ్డాడు. తూములోంచి వచ్చే ప్రవాహం ఆయన్ను ఎత్తి నదిలోకి విసిరింది.

"వేషగాడా! చెయ్యి!"

పోలన తెప్ప అంచున బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. వేళ్ళు తగిలాయి. తూము ప్రవాహం వడికి జారిపోయాయి. ఉద్దండుడు ఆరుమూలల జనం మధ్య గిరగిరా తిరుగుతూ వృక్కజలపాతం వైపు కొట్టుకుపోయాడు. ఆయన చివరి మాట నురగలోంచి వినిపించింది. "చిన్నదొరసానిని... వదలకురా!"

పోలన ఒంటరివాడయ్యాడు. ఆయుధం లేదు. ఉన్నదల్లా నడుముకు కట్టుకున్న వేషాల మూట.

*

కోటకు ఒక మూల పాత తలుపు ఉంది. దాని ముందు చక్కెర జనం కొండచిలువలా వరుస కట్టారు. తలుపు దగ్గర ఒక గుడ్డి అవ్వ కూర్చుని, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఒంటినిండా తడిమి, సరైనవాడైతేనే లోపలికి లాక్కుంటోంది. ఆమే తడుములవ్వ. ఆమె ముఖం చూడదు, మాట నమ్మదు, లంచానికి లొంగదు. ఒంటి మలుపులు ఆమె చేతులకు అమరాలి, అంతే.

ఒక్కర్ని లోపలికి తీసుకునేలోగా హృదయభేరి ఎన్నిసార్లో మోగుతోంది. ఒక్క పాత తలుపుతో ఈ ఊరు బతకదు.

"వేషం కట్టాల్సిందే" అనుకున్నాడు పోలన.

ఒడ్డున పేరుకున్న కలకండ పెళ్ళలు ఏరాడు. పగటివేషగాళ్ళకు ఒక అలవాటుంది. ఎవరి వేషం కట్టాలో వాళ్ళను కళ్ళార్పకుండా చూడరు. చూస్తే అవతలివాడు బిగుసుకుపోతాడు, అసలు నడక దాచేస్తాడు. అందుకని వీపు తిప్పి నిలబడి, చేతి అద్దంలో వాణ్ణి చూస్తూ వేషం కడతారు. పోలన తాతల నాటి అలవాటు. అతను వరుసకు వీపు తిప్పి, అద్దం భుజం మీదికెత్తి, ఒక్కో మూలా ఒక్కో చెయ్యీ చెక్కుకున్నాడు. పెళ్ళకు పెళ్ళ అతికింది. చూస్తే కన్నతల్లి కూడా చక్కెరవాడే అనుకోవాలి.

వరుస కదిలింది. అతని వంతు వచ్చింది. తడుములవ్వ చేతులు అతని ఒంటిమీద పాకాయి. ఒక్కసారి ఆగాయి.

"ఛీ! ఎవడ్రా నువ్వు?"

"చక్కెరవాణ్ణే అవ్వా."

"చక్కెరవాడివి కాదురా, చక్కెరవాడి నీడవి! కుడిచెయ్యి ఉండాల్సిన చోట ఎడమ చెయ్యుంది. ఇటుండాల్సిన మూల అటుంది. ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగినట్టుంది నీ ఒళ్ళు. పో అవతలికి!"

ఒక్క తోపుతో వరుస చివరికి వచ్చి పడ్డాడు.

అప్పుడర్థమైంది. అద్దంలో చూసి కట్టాడు. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. రాజులనూ సేనాపతులనూ మోసం చేసిన వేషాల్లో ఎవరూ పట్టుకోని తప్పు, ఒక గుడ్డి అవ్వ చేతులు పట్టుకున్నాయి.

హృదయభేరి తడబడింది. ఒక దెబ్బ తప్పి, ఆలస్యంగా మోగింది.

పోలన అద్దాన్ని నదిలోకి విసిరేశాడు. వేషం కట్టడానికి జన్మలో మొదటిసారి అవతలివాడి ముఖంలోకి నేరుగా చూశాడు. ఇందాక ఏడ్చిన చక్కెరవాడే ఎదురుగా ఉన్నాడు.

"నన్నెందుకలా చూస్తున్నావు?" అన్నాడు వాడు బెదిరిపోయి.

"నీలా అవుదామని, అన్నా. కాసేపు కదలకు."

"నాలాగా? అయ్యో పిచ్చివాడా! లోపలికి పోయిన మావాళ్ళేమవుతారో తెలుసా నీకు?"

వినే తీరిక లేదు. కట్టినదంతా పగలగొట్టి, మూల తర్వాత మూల మళ్ళీ కట్టాడు. వరుసలో దూరాడు. తిట్లు తిన్నాడు. గుద్దులు తిన్నాడు. తడుములవ్వ చేతులు మళ్ళీ పాకాయి. ఈసారి ఆగలేదు.

"ఆఁ, ఇదీ ఒళ్ళంటే. రా నాయనా, రా."

బయటి తలుపు వెనక మూసుకుంది. గాఢాంధకారం. లోపలి తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఆ తలుపులు రెండూ ఎన్నడూ ఒక్కసారి తెరుచుకోవు. ఊపిరి బిగబట్టుకున్న పోలనను అవ్వ గట్టిగా కౌగిలించుకుని ఒక మెలిక తిరిగింది. లోపలి తలుపు తెరుచుకుంది. కండపురంలో పడ్డాడు.

పడీపడగానే ఒక మోటు చెయ్యి అతని మడమ పట్టుకుంది. చుర్రుమని కాలింది.

"ముద్ర పడింది! ఇక బయటికి పోలేవు. కొలిమికి నడు!" అరిచాడు ముద్రగాడు. వాడి చేతిలో నిప్పుకణిక ఒకటి ఆరిపోయింది.

"కొలిమికా?"

"మరి? చక్కెరవాడివి లోపలికొచ్చింది పెళ్ళి భోజనానికా?"

పోలన ఒంటిమీది కలకండ పెళ్ళను పట్టి లాగాడు. ఊడలేదు. గోటితో గీకాడు. రాలేదు. ముద్ర వేషాన్ని ఒంటికి మేకులా దిగ్గొట్టేసింది.

*

ఒకప్పుడు కండపురం ఎలా ఉండేదో ఊహించడానికి ఆ వీధులు చాలు. అటూ ఇటూ తాటిమానులంత తాళ్ళు, ఒకదానిలోకొకటి చొచ్చుకుపోయేలా పేనిన తాళ్ళు. వాటి పక్కన వేలాది తాళ్ళవాళ్ళు. పాప పరుగెత్తిందంటే వీళ్ళు లాగారన్నమాట. పాప గెంతిందంటే వీళ్ళు లాగారన్నమాట. ఇప్పుడు అందరూ పట్టు విడవకుండానే తాళ్ళ మీద ఒరిగిపోయి ఉన్నారు. పైన చీకట్లో, బుడగల్లో మడతపెట్టిన చక్కెర తలుపులు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి.

"అయ్యలారా, ఒక్కసారి లాగండి! ఒక్క లాగుకు తలుపులు కదులుతాయి!" పోలన వాళ్ళ భుజాలు పట్టి కుదిపాడు.

ఒకడు కన్ను తెరిచాడు. "నిప్పు లేదయ్యా. ఉంటే లాగడానికి మాకేమన్నా బద్ధకమా?"

"కొలిమి మండుతోందిగా!"

కొలిమి ముందు కూర్చున్న నిప్పులసాని తల తిప్పింది. బూడిద పట్టిన ముఖం, ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన కళ్ళు. "ఆ కాస్తా ఏతాలకయ్యా. ఏతాలు ఆగితే ఉప్పు లోపల నిండుతుంది, ఊరు ఉబ్బి చస్తుంది. ఆ నిప్పు నేనెవరికీ ఇవ్వను."

"ఇంకాస్త నిప్పు కావాలంటే?"

ఆమె అతని వైపు జాలిగా చూసింది. "నువ్వేగా నిప్పు. రా బాబూ. నొప్పి తెలియకుండా చేస్తాను."

ఇద్దరు భటులు అతని రెక్కలు పట్టుకున్నారు. కొలిమి నోరు ఎర్రగా తెరుచుకుంది.

అప్పుడు పిలుపు వచ్చింది.

అది చెవికి వినిపించిన పిలుపు కాదు. నగరంలోని నీళ్ళన్నీ ఒక్కసారి వణికాయి. తాళ్ళు జివ్వుమన్నాయి. మంచం మీద సంధిలో పడి పలవరిస్తున్న తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు, ఆమె ఒంటి గోడలన్నిటినీ దాటుకుని వచ్చింది.

"పోలన్నా..."

రాజవీధిలో అతను ఏ వేషం కట్టినా పట్టుకునేది ఆ పిల్ల ఒక్కతే. సోదెమ్మ వేషంలో వచ్చినా, ముసలి ఫకీరు వేషంలో వచ్చినా, మేడ మీంచి చప్పట్లు కొట్టి "పోలన్నా, దొరికావ్!" అని అరిచేది. అతను పలికేవాడు కాదు. పగటివేషగాడు రంగు కడిగేదాకా సొంత పేరుకు పలకకూడదు. పలికితే వేషం రాలిపోతుందని వాళ్ళ కులంలో నమ్మకం. "ఒక్కసారి పలకవా?" అని పాప ఒకనాడు ఏడ్చింది. "మీ పట్టాభిషేకం రోజున పలుకుతాను చిన్నదొరసానీ" అని మాటిచ్చాడు.

"పోలన్నా... ఎక్కడున్నావ్? కనబడట్లేదు..."

ఆమెకు కనబడకపోవడం అదే మొదటిసారి.

భటులు అతణ్ణి కొలిమి అంచుకు ఎత్తారు. జుట్టు చురచుర కాలింది. పోలన నిండుగా ఊపిరి పీల్చి, గొంతు పగిలేలా అరిచాడు.

"ఆఁ! పలికాను తల్లీ! ఇక్కడే ఉన్నా! నీ లోపలే ఉన్నా!"

ఫెళ్ళుమంది. నెత్తినుంచి మడమదాకా కలకండ వేషం నిలువునా పగిలింది. ముద్రతో సహా ఊడి, ఆరు మూలలుగా విడిపోయి కొలిమిలోకి రాలింది. భటుల చేతుల్లో మిగిలింది ఒంటిమీద రంగైనా లేని ఒక బక్కపలచని మనిషి.

"ఇది చక్కెర కాదు!" కెవ్వుమన్నాడు ముద్రగాడు. "దొంగ! పట్టుకోండి!"

కొలిమి భగ్గుమంది. నిప్పులసాని లేచి నిలబడింది. చాలాకాలానికి ఆమె చేతినిండా నిప్పుకణికలు పడ్డాయి. ఒక్కక్షణం పోలనను చూసింది, ఒక్కక్షణం ఏతాలను చూసింది. "ఇది ఏతాల నిప్పు కాదు. నువ్వు తెచ్చింది" అని కణికలన్నీ తాళ్ళవాళ్ళ మీదికి విసిరింది.

"లాగండ్రోయ్!"

తాళ్ళు బిగిశాయి. కండపురం ఒక్కసారి ముడుచుకుంది. పైన బుడగలు ఊగాయి. ఒక బుడగ విడివడింది, తేలుతూ పోయింది, గోడను తాకింది, నూనెభటుల మధ్య ఒదిగి విచ్చుకోవడం మొదలుపెట్టింది. కొత్త తలుపు! సగం తెరుచుకున్న సందులోంచి చక్కెరవాడి చెయ్యి ఒకటి లోపలికి వచ్చింది.

అంతే. నిప్పు అయిపోయింది. తాళ్ళవాళ్ళు మళ్ళీ ఒరిగిపోయారు. తలుపు సగంలో బిగుసుకుని, మెల్లగా మూసుకోసాగింది.

పోలన భటులను విదిలించుకుని పరుగెత్తి, ఆ తలుపు సందులో తన భుజం దూర్చాడు. రెండు రెక్కలూ అతని ఎముకలను నొక్కుతున్నాయి. బయటి చెయ్యి అతని మెడ పట్టుకుని లోపలికి పాకడానికి పెనుగులాడుతోంది. వెనకనుంచి ముద్రగాడి మనుషుల అడుగులు దగ్గరపడుతున్నాయి. కదిలితే తలుపు మూసుకుంటుంది. కదలకపోతే వాళ్ళ ఈటెలు వీపులో దిగుతాయి.

"ఇంకోసారి పిలువు తల్లీ!" అని అరిచాడు పోలన. "ఎన్నిసార్లు పిలిచినా పలుకుతాను. వేషం లేదు. ఇక ఏ వేషమూ లేదు!"

నగరంలోని నీళ్ళు కదల్లేదు. తాళ్ళు వణకలేదు.

దూరాన హృదయభేరి ఒక్క దెబ్బ మోగింది. రెండో దెబ్బ కోసం ముద్రగాడి మనుషులు కూడా ఆగి చెవులు రిక్కించారు.